చందల్ కట్టెల మిద్దె: వఫ్రా నుంచి షర్క్ దాకా ఒక శనివారం

అక్కా, ముందుగా నా రాతకి క్షమించాలి. ఏడో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వదలాలో ఇప్పటికీ తడబడతాను. పైగా వంటగది బల్ల మీద, పని మధ్యలో రాస్తున్నాను కాబట్టి చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుంది. కాగితం మీద నూనె మరకలు కూడా ఉన్నాయి. మీరే సరిచేసి టైపు చేసుకోండి. మీ బ్లాగులో కువైట్‌లో ఉన్న మన ఆడవాళ్ళు రాసిన ప్రయాణాలు చాలా చదివాను. అందరూ టవర్ల గురించీ, సముద్రం గురించీ, పెద్ద మాళ్ళ గురించీ రాశారు. నేను చూసివచ్చింది ఒక పాత మట్టి ఇంటి పైకప్పు. ఇది కూడా ప్రయాణమేనా అని ఫోన్లో అడిగితే, మీరు నవ్వి, బస్సెక్కితే ప్రయాణమే అన్నారు. ఆ మాట పట్టుకుని రాస్తున్నాను.

నేను వఫ్రాలో ఒక కువైటీ కుటుంబం తోట ఇంట్లో వంట చేస్తాను. మా ఆయన సిటీలో పని. ఇద్దరం అన్నమయ్య జిల్లా వాళ్ళమే, ఒకే ఏడాది వచ్చాం, కాని మమ్మల్ని పనికి తెచ్చుకున్న కఫీల్‌లు వేరు. నెలకొకసారి కలుసుకుంటే గొప్ప. ఆయన వడ్రంగి. మొదట అల్ రాయ్‌లో గోదాముల కోసం సెంట్రింగ్ చెక్కలు కొట్టేవారు. రోజూ ఫోన్లో నడుం నొప్పి తప్ప ఇంకో కబురు ఉండేది కాదు. వేసవి ముందు ఆయన్ని సిటీలో షర్క్ వైపు ఒక పాత ఇంటి పనికి పంపారు. కూలిపోకుండా నిలబెట్టి, జనానికి చూపించాలని ప్రభుత్వం వాళ్ళు అట్టిపెట్టిన ఇల్లు అది. ఆ సాయంత్రం ఆయన గొంతే మారిపోయింది. "మే, ఈడ గూడా మిద్దె ఉందే! మట్టి గోడలు, కట్టెల కప్పు, పైన మట్టి. మనూర్లో ఉన్నట్టే ఉంది నాకు" అన్నారు.

మా సీమలో మట్టి మిద్దె అంటే తెలియనివాళ్ళు ఉండరు. గోడ నుంచి గోడకి దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద కంప, బోద గడ్డి, ఆపైన మట్టి, అన్నిటికీ పైన నీళ్ళు దిగనివ్వని చవుడు మన్ను. వానలకి ముందు ఏటా కొత్త చవుడు చల్లాలి. మా నాన్న పనే అది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో మిద్దె కప్పాలంటే మా నాన్ననే పిలిచేవాళ్ళు. ఇప్పుడు మిద్దె అడిగేవాళ్ళు లేరు. మా సొంత మిద్దె కూడా రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. ఆ దంతెలని పెరట్లో పేర్చి పెట్టారు. నా పెళ్ళికి అన్నం వండింది ఆ కట్టెలతోనే. పసుపు బట్టల్లో కూర్చుని పొగ వైపు చూస్తుంటే, నా తల మీద ఉండిన కప్పే మండుతోందని నాకు తెలుసు. ఎవరితోనూ అనలేదు. పెళ్ళికూతురు పొగకి కళ్ళు తుడుచుకుందనుకున్నారు.

అందుకే ఆ ఇల్లు చూడాలని ఆశ పుట్టింది. కాని అసలు తొందరపెట్టింది ఇంకొకటి. ఆ ఇంట్లో ఐదు గదులు. గుత్తేదారుకి పాత పద్ధతి ఇష్టం లేదు. పైన సిమెంటు స్లాబ్ పోసి, కింద చూపుకి మాత్రం పాత కట్టెలు వేలాడదీస్తే చాలన్నాడట. మా ఆయన బతిమాలి ఒక గదిని పాత తీరులోనే కప్పి చూపిస్తానన్నారు. ఇంజనీరు ఒప్పుకున్నాడు. ఆ గది కప్పు మీద నీళ్ళు పోసి చూస్తారు. నీళ్ళు నిలవకుండా, కారకుండా పోతే మిగిలిన నాలుగు గదులూ కట్టెలతోనే. లేకపోతే ఐదింటికీ స్లాబ్, ఆయన మళ్ళీ అల్ రాయ్‌కి. గురువారం ఫోన్ చేసి, "సోమవారం మట్టి ఏస్తాం. ఏసినాక పైనుంచి కట్టెలు కనపడవు. ఈలోపే ఒకసారి వచ్చి చూసిపో" అన్నారు.

మామాని సెలవు అడగడానికి ఒక రోజంతా పట్టింది. మా ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తాం. అరవై దాటిన మనిషి. పాత ఇల్లు, చందల్ కప్పు అని నాకు వచ్చిన అరబ్బీలో చెప్పగానే ఆవిడ చేతిలో తిరిగే తస్బీ పూసల దండ ఆగిపోయింది. చందల్ అంటే ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చిన గుండ్రటి కట్టెలు. ఇసుక తప్ప చెట్టు లేని ఈ దేశంలో పాత ఇళ్ళన్నిటికీ అవే ఆధారం. "చిన్నప్పుడు నేను పడుకునే గదిలో ఇరవై రెండు చందల్ ఉండేవి. రోజూ లెక్కపెట్టేదాన్ని. పద్దెనిమిది దాటకుండానే నిద్ర వచ్చేసేది" అంది మామా. నేను కూడా మా మిద్దె దంతెలు అలాగే లెక్కపెట్టేదాన్ని అని చెప్పాలనుకున్నాను. మాటలు చాలలేదు. చేతివేళ్ళు పైకి చూపించి ఒకటి, రెండు, మూడు అన్నాను. ఆవిడకి అర్థమై నవ్వింది. "రూహ్, వెళ్ళు. ఎన్ని ఉన్నాయో చూసి వచ్చి నాకు చెప్పు" అంది.

శనివారం ఐదున్నరకే బయలుదేరాను. వఫ్రా నుంచి సిటీకి నేరుగా బస్సు దొరకడం కష్టం. తోటల్లోంచి కూరగాయలు దించి వెళ్ళే షేర్ కార్లలో ఫహాహీల్ దాకా వెళ్ళి, అక్కడ సిటీలోని మాలియాకి వెళ్ళే బస్సు పట్టుకోవాలి. కారుకి నా దగ్గర దీనారున్నర తీసుకున్నారు. గంట ప్రయాణం. నడిపేది రాయచోటి వైపు రామాంజులన్న. నా ఒళ్ళో సంగటి, పచ్చడి ఉన్న టిఫిన్ డబ్బా చూసి అద్దంలోంచే పలకరించాడు.

"ఏం పాపా, ఒకదానివే పోతాండావు? మొగునికి సంగటి ఎత్తుకపోతాండావా?"

"ఊ అన్నా. చెనక్కాయల ఊరుమిండి గూడా."

"అయ్యో, నా మొగం జూడు. ఇరవై ఏండ్లాయ ఈ దేశంలో బండి తోలబట్టి, ఒగనాడన్నా ఎవరన్నా నాకు సంగటి తెచ్చినారా? బిల్డింగులు జూసేకి పోతాండావా?"

"లేదన్నా, పాత మిద్దె."

"మిద్దె జూసేకి కువైట్‌కొచ్చినావా! ఇంగ నయం, ఒంటె పాలు తాగేకి రాయచోటికి పోలేదు" అని పగలబడి నవ్వాడు. దిగేటప్పుడు మాత్రం, "సాయంత్రం ఐదున్నరకి ఈన్నే ఉంటా. నెంబర్ ఎత్తుకో. చీకటి పడితే వఫ్రాకి ఎవడూ రాడు" అని చెప్పాడు. ఆ నెంబరే నన్ను ఆ రోజు కాపాడింది.

ఫహాహీల్ నుంచి బస్సు మూడు వందల యాభై ఫిల్సులు. శనివారం ఉదయం రద్దీ లేదు, కిటికీ పక్కన చోటు దొరికింది. సముద్రం ఒక్కోసారి కనపడి ఒక్కోసారి భవనాల వెనక దాక్కుంటూ వచ్చింది. తొమ్మిది కాకముందే మాలియాలో దిగాను. మా ఆయన స్టాప్‌లో నిలబడి ఉన్నారు. నెల తర్వాత చూస్తున్నానేమో, పలకరించడానికే సిగ్గేసింది. ఆయన టిఫిన్ డబ్బా అందుకుని ముందు నడిచారు, నేను వెనక. అక్కడి నుంచి నడక ఇరవై నిమిషాలు. దారిలో ముబారకియా సూక్ దగ్గర చాయ్ తాగాం. కప్పు నూట యాభై ఫిల్సులు. అద్దాల మేడల మధ్య నుంచి ఒక సందు తిరగగానే వీధి రంగే మారిపోయింది. మట్టి రంగు గోడ, చిన్న తలుపు, గోడ మీద నుంచి వీధిలోకి చాచిన నాలుగు చెక్క దోనెలు. మర్జామ్ అంటారట. మా మిద్దె తూము లాగానే, వాననీళ్ళు గోడకి తగలకుండా దూరంగా పడటానికి.

తలుపులో తల వంచి లోపలికి అడుగుపెడితే చల్లగా ఉంది. ఆ చల్లదనం నాకు తెలుసు. ఏసీ గాలికి ఆ వాసన ఉండదు. గోడకి చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాను. మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు. గదులన్నీ సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. చందల్ కట్టె ఎంత పొడుగుంటే గది అంత వెడల్పు, అంతకు మించి కట్టలేరని మా ఆయన చెప్పారు. పై నుంచి ఒక గొంతు వినపడింది.

"ఏంటండీ చెల్లెమ్మా, తాజ్ మహల్ చూట్టానికి వచ్చినట్టు అక్కడే నిలబడిపోయారు? పైకి రండి, మీ ఆయన కట్టిన కోట చూద్దురుగాని!"

ఆయనతో పనిచేసే సత్తిబాబు. కోనసీమ మనిషి, గోడలకి మట్టి మెత్తుతాడు. ఒక్క నిమిషం ఊరుకోడు.

నిచ్చెన ఎక్కి కప్పు మీదకి వెళ్ళాను. కట్టెలు పరిచి, వాటి మీద చీల్చిన వెదురు బద్దలు అడ్డంగా, నిలువుగా వేసి, ఒక పక్క చాప కూడా పరిచారు. మా ఆయన ప్రతి కట్టెనీ చెయ్యి వేసి చూపించారు. ఇవి పాతవి, ఈ మూడు చెద తిన్నాయని కొత్తవి వేశాం, దీని మీద ఎవరో పిల్లాడు మేకుతో పడవ బొమ్మ గీశాడు. ఇరవై నాలుగు కట్టెలు. ఆయన ముఖం చూస్తే మా పెళ్ళిలో కూడా అంత వెలుగు లేదు.

"పాత కప్పు విప్పేటప్పుడు నెంబర్లు రాసినాం గానీ, ఏ మొన ఎటుండిందో ఎవరూ రాయలే. నేనే ఒక్కో కట్టె మొదలు జూసి, అన్నీ దక్షిణానికి తిప్పి పెట్టినా. కొసలన్నీ ఉత్తరానికి. మనోళ్ళ పద్ధతి తప్పలే" అన్నారు.

మా వైపు అదే శాస్త్రం. కట్టె మొదలు దక్షిణానికో పడమరకో ఉండాలి. తలకిందులుగా పెడితే ఇంటికి మంచిది కాదంటారు. నేను తల ఊపాను. చెప్పులు విప్పి చాప మీద నడిచాను. నాలుగు అడుగులు వేసేసరికి నా కాళ్ళకి ఏదో తెలిసింది. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచాను. చిన్నప్పుడు మిద్దె మీద నన్ను నడిపించి, "యాడ పల్లముందో కాళ్ళనడుగు పాపా" అనేవాడు మా నాన్న. ఇక్కడ పల్లం ఉత్తరానికి ఉంది. దోనెలు ఉన్నది దక్షిణానికి.

చెప్పనా, మానేయనా అని చాలాసేపు ఆలోచించాను. ఆయన సంతోషం చూసి, ముందు టిఫిన్ డబ్బా విప్పాను. అక్కడే కప్పు మీద కూర్చుని సంగటి తిన్నారు, సత్తిబాబుకి కూడా పెట్టాను. "మా కోనసీమలో దీన్ని ముద్దగా చేసి గోడకి కొడితే పడదండీ" అంటూనే రెండు ముద్దలు తిన్నాడు. చేతులు కడిగేటప్పుడు చాప మీద పెట్టిన చెంబులో నీళ్ళు ఉత్తరం పక్కకి వాలి ఉండటం చూసి, ఇక ఉండలేకపోయాను.

"ఇదో, ఒకమాట. కప్పు ఉత్తరానికి వాలింది."

"యాడ వాలింది? రెండు గోడలూ నీళ్ళ ట్యూబు పెట్టి సమం జూసినా. వెంట్రుకవాసి తేడా లే."

"గోడలు సమమే. కట్టెలే సమం గాదు. మొదలు లావు, కొస సన్నం. లావంతా ఒకపక్కే పెడితే..."

"మొదలు దక్షిణానికి పెట్టాలని మీ నాయన చెప్పలేదా నీకు?" ఆయన గొంతు పెరిగింది. సత్తిబాబు చెయ్యి తుడుచుకోవడం ఆపాడు.

"చెప్పినాడు. దూలానికి" అన్నాను తల దించుకునే. "దూలాన్ని నువ్వే చెక్కుతావు గదా, రెండు పక్కలా ఒకటే లావుంటాది. చెక్కని కట్టెల్ని మా నాయన ఒగటి తలా ఒగటి కాళ్ళూ పెట్టేటోడు. ఒగే చాప మీద మేము అయిదుమంది అక్కచెల్లెళ్ళం పండుకుండేటట్ల."

ఆయన లేచి వెళ్ళారు. పొడుగాటి చెక్క పలక తెచ్చి దక్షిణం నుంచి ఉత్తరానికి వేశారు. సత్తిబాబు తాగి పడేసిన ఖాళీ డ్రింకు డబ్బాని దాని మీద పెట్టి వదిలారు. అది కాసేపు ఆలోచించినట్టు ఆగి, మెల్లగా కదిలి, జోరుగా దొర్లి ఉత్తరం పిట్టగోడకి టక్కున తగిలింది. ఆయన దాన్ని తెచ్చి మళ్ళీ వదిలారు. మళ్ళీ టక్. మూడోసారి వదల్లేదు. అక్కడే కూలబడ్డారు.

ఆ గోడ మట్టి గోడ అక్కా. నీళ్ళు దాని మొదట్లో నిలిస్తే బెల్లంలా కరిగిపోతుంది.

సత్తిబాబు నెమ్మదిగా అన్నాడు. "పోన్లే బావా. ఉత్తరం పక్కన రెండంగుళాలు మట్టి ఎక్కువ కొట్టి సర్దేద్దాం. ఎవడికి తెలుస్తాదండీ? ఆయ్, నా చేతిలో పని."

"బరువన్నా" అన్నాను. "సన్న కొసలన్నీ ఆ పక్కనే ఉండాయి. మట్టి ఆ పక్కనే ఎక్కువైతే వంగుతాయి." ఆ మాట అన్నాక నాకే భయమేసింది. మగవాళ్ళ పనిలో అంత మాట్లాడటం అదే మొదటిసారి.

అప్పుడే కింద తలుపు చప్పుడైంది. ఆదివారం రావలసిన ఇంజనీరు ఒకరోజు ముందే వచ్చాడు. ఈజిప్టు ఆయన, నెరిసిన మీసం. మధ్యాహ్నం రెండు దాటి ఉంటుంది. ముంగిట్లో నిలబడి పైకి చూసి, "తమామ్?" అని అరిచాడు. అంతా బాగుందా అని. నేను చున్నీ తల మీదకి లాక్కుని పిట్టగోడ పక్కకి తప్పుకున్నాను. సత్తిబాబు మా ఆయన వైపు చూసి కళ్ళతోనే చెప్పాడు, అవునను, అని. ఒక్క మాట. తమామ్ అంటే ఆ రోజుకి గండం గడిచేది. కట్టెల మీద వెదురు, చాప కప్పేసి ఉన్నాయి, పై నుంచి చూసినా ఎవరికీ తెలియదు.

మా ఆయన లేచి నిలబడ్డారు. "లా. తమామ్ లేదు" అన్నారు.

ఇంజనీరు నిచ్చెన ఎక్కి వచ్చాడు. మా ఆయన హిందీ, అరబ్బీ కలిపి అంతా చెప్పారు. డబ్బా దొర్లించి చూపించారు. తప్పు నాదే, పన్నెండు కట్టెలు తిప్పాలి, ఒక్క రోజు ఇవ్వమన్నారు. ఇంజనీరు ముఖం గట్టిగా ఉంది. అందుకే గుత్తేదారు స్లాబ్ అంటున్నాడు అన్నాడు. తర్వాత, "ఇది ఎవరు పట్టుకున్నారు?" అని అడిగాడు.

నేను వద్దని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. ఆయన నా వైపు చెయ్యి చాపారు. "మా ఆడమనిషి. వాళ్ళ నాయన మిద్దెలు కప్పినోడు. ఆయమ్మకి కాళ్ళతో తెలిసింది" అన్నారు తెలుగులో. మళ్ళీ హిందీలో చెప్పారు. నలుగురిలో ఆయన నా గురించి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు ఆ కప్పులోంచి కిందకి దిగిపోవాలనిపించింది.

ఇంజనీరు నా కాళ్ళ వైపు చూసి, మర్యాదగా చూపు తిప్పుకున్నాడు. "రేపు సాయంత్రం మగ్రిబ్ నమాజు దాకా టైము. కాకపోతే ఖలాస్, స్లాబ్" అని దిగి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళగానే చాప చుట్టారు, వెదురు విప్పారు. నేను ఒక చివర కూర్చుని, ఏది తిప్పాలో ఏది ఉంచాలో చెప్పాను. "తల... కాళ్ళు... తల..." సత్తిబాబు ఒక్కో కట్టె ఎత్తుతూ, "ఇది పెద్దక్కేంటండీ? ఈవిడ బరువుగా ఉంది" అని నవ్వించాడు. ఏడు కట్టెలు తిరిగేసరికి మూడున్నర. నేను వెళ్ళాలి. మా ఆయన స్టాప్ దాకా వచ్చారు. ఖాళీ టిఫిన్ డబ్బా దారి పొడుగునా ఆయనే మోసి నా చేతికిచ్చారు. బస్సు ఎక్కాక కిటికీ దగ్గరికి వచ్చి, "ఊరుమిండి ఇంగొంచెం ఎక్కువ తేవాల్సింది" అన్నారు. అంతే. నాకు అది చాలు.

బస్సు ఆలస్యమై ఫహాహీల్ చేరేసరికి ఐదూ నలభై. ఒక్క కారు కూడా కనపడలేదు. రామాంజులన్నకి ఫోన్ చేస్తే మూల మీదే ఉన్నాడు, మిగిలిన వాళ్ళు తిడుతున్నా నాకోసం ఆపాడట. ఇంటికి వెళ్ళగానే మామా మొదట అడిగింది, "ఎన్ని?" అని. "ఇరవై నాలుగు" అన్నాను. తనకంటే రెండు ఎక్కువని ఆవిడ ముఖం కాస్త చిన్నబోయింది.

ఆదివారం రాత్రి ఫోన్ కోసం చూశాను. "తిప్పినాం. ఒప్పుకున్యాడు" అన్నారు. దక్షిణానికి కాస్త వాలు వచ్చేటట్టు మట్టి వేశారు, నీళ్ళు పోసి చూశారు. అయినా అసలు వాన పడే దాకా నాకు నమ్మకం కుదరలేదు. నవంబరులో ఒక ఉదయం వఫ్రాలో మబ్బు కమ్మింది. వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతుంటే ఫోన్‌కి చిన్న వీడియో వచ్చింది. వాన హోరు, మట్టి గోడ, గోడ మీద నుంచి దక్షిణానికి చాచిన చెక్క దోనె, దానిలోంచి వీధి మధ్యకి దూకుతున్న ఎర్రటి నీళ్ళు. వెనక సత్తిబాబు కేక, "చూడండి చెల్లెమ్మా, పడుతోంది!" నేను మామాకి చూపించాను. ఆవిడ ఫోన్ తన చేతిలోకి తీసుకుని మళ్ళీ మళ్ళీ పెట్టుకుంది. ఆ చప్పుడు యాభై ఏళ్ళ తర్వాత వింటున్నానంది. ఇద్దరం ఉల్లిపాయలు పక్కన పెట్టి చూశాం. ఇప్పుడు మిగతా గదులు కూడా కట్టెలతోనే కప్పుతున్నారు.

మా మిద్దెని నేను నిలబెట్టలేకపోయాను. నాకు అప్పుడు వయసూ లేదు, నోరూ లేదు. ఒక ఇల్లు నిలబడాలంటే గోడలూ కట్టెలూ ఉంటే సరిపోదని, ఆ కట్టె ఎటు తిరిగి పడుకుందో తెలిసిన మనిషి ఒకరు నోరు తెరవాలని ఆ రోజు అర్థమైంది. మా నాన్నకి వీడియో పంపాను. చూసి, "దోనె ఇంగొక జానెడు ముందరికి ఉండాల" అని మాత్రం అన్నాడు. కాని అమ్మ చెప్పింది, ఆ వీడియో ఊళ్ళో అందరికీ చూపించి వచ్చాడట.

వఫ్రా నుంచి సిటీ చూడటానికి వెళ్ళేవాళ్ళు ఒక్కటి గుర్తు పెట్టుకోండి. పొద్దున దిగేటప్పుడే సాయంత్రం కారు మాట్లాడుకుని, డ్రైవర్ నెంబరు రాసుకోండి. చీకటి పడితే ఫహాహీల్‌లో ఎవరూ దొరకరు.

అక్కా, పేర్లు మార్చి రాశాను, ఎవరూ పోల్చుకోలేరు. కాని ఆయన చేసిన పొరపాటు ఇందులో ఉంది, నా చేతిరాత ఆయన ఎక్కడ చూసినా గుర్తుపడతారు. టైపు చేయడం అయ్యాక ఈ కాగితాలు కాల్చేయండి. కట్టెలు కాలితే బాధపడ్డాను గాని, వీటికి బాధపడను.